త్రిష ఎవరంటే హీరోయిన్ అన్నారు: అండర్-19 వరల్డ్ కప్‌ని ఒక జెడ్పీ స్కూల్ ఫాలో అయిన కేస్ స్టడీ

నేను జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. భద్రాచలంలో బస్సెక్కితే గంటలోపు మా ఊరు వచ్చేస్తది. 2025 జనవరిలో మలేసియాలో అండర్-19 విమెన్స్ టీ20 వరల్డ్ కప్ జరిగింది కదా, దాన్ని ఇండియా మొదటి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా మా స్కూల్ పిల్లలు, కొంతవరకు ఊళ్ళోవాళ్ళు కూడా ఫాలో అయ్యేలా చేశాం. ఎట్లా చేశారు, పిల్లలు నిజంగా చూశారా, హెచ్ఎం ఒప్పుకున్నారా అని తోటి పీఈటీలు అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నా. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు పరిస్థితి ఎట్లా ఉండేదో చెప్పాలి. సంక్రాంతి సెలవులు అయిపోయి స్కూల్ తెరిచాక ఎనిమిదో క్లాసులో "గొంగడి త్రిష ఎవరో తెలుసా" అని అడిగా. "త్రిష అంటే హీరోయిన్ కదా సార్" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. గొంగడి అన్నాను కదరా అంటే ఒకడు "గొంగడి కప్పుకునే గొంగడా సార్" అన్నాడు. వాళ్ళ తప్పేం లేదు. కానీ ఇండియా అండర్-19 టీమ్‌లో ఆడే ఆ అమ్మాయిది భద్రాచలమే, మా పిల్లలు సీతారాముల కల్యాణానికి పోయే ఊరు, అమ్మలు కొత్తబట్టలు కొనుక్కొచ్చే ఊరు. పైగా అప్పటికే ఆమె ఒక వరల్డ్ కప్ గెలిచి ఉంది. 2023 జనవరిలో సౌతాఫ్రికాలో మొట్టమొదటి అండర్-19 విమెన్స్ వరల్డ్ కప్ జరిగితే షఫాలీ వర్మ కెప్టెన్సీలో ఇండియా కొట్టింది, ఫైనల్లో ఇంగ్లండ్‌ని 68కే ఆలౌట్ చేశారు, ఛేజింగ్‌లో త్రిష 24 కొట్టింది. ఇండియా అమ్మాయిలకి, సీనియర్లు జూనియర్లు అందర్నీ కలుపుకున్నా, అదే మొదటి ఐసీసీ ట్రోఫీ. ఆ టీమ్‌లో వైజాగ్ అమ్మాయి షబ్నమ్ కూడా ఉంది. రెండేళ్ళు గడిచేసరికి ఇదంతా మా ఊరికి చేరనే లేదు, లేకపోతే చేరి ఆవిరైపోయింది.

నేను గమనించింది ఏంటంటే, మన దగ్గర యూత్ లెవెల్ పోటీల వార్త ఎప్పుడూ శాలువాతోనే వస్తది. పోటీ జరిగేటప్పుడు ఎవరికీ తెలీదు, మెడల్ వచ్చాక ఎయిర్‌పోర్టులో దండలు, కలెక్టర్ గారితో ఫోటో, పేపర్లో జిల్లా పేజీలో ఒక వార్త, నాలుగు రోజులకి మాయం. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022 అండర్-19 వరల్డ్ కప్‌లో వైస్ కెప్టెన్, సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టాడు, ఫైనల్లో ఇంగ్లండ్ మీద ఫిఫ్టీ కొట్టాడు, అర్ధరాత్రి దాటేదాకా సాగిన మ్యాచ్‌లు కాబట్టి చూసినవాళ్ళే తక్కువ. నిఖత్ జరీన్ అంటే ఇప్పుడు అందరికీ తెలుసు, కానీ ఆ అమ్మాయి 2011లోనే టర్కీలో అంతాల్యాలో జూనియర్ వరల్డ్ ఛాంపియన్ అయ్యింది, మనకి ఆమె పేరు గట్టిగా వినపడింది 2022లో ఇస్తాంబుల్లో సీనియర్ వరల్డ్ టైటిల్ కొట్టాకే. మధ్యలో పదకొండేళ్ళు. స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్‌ది ఇంకా అన్యాయం. 2014లో చైనాలో నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కేజీల వెయిట్ లిఫ్టింగ్‌లో సిల్వర్ కొట్టాడు, ఆ గేమ్స్ మొత్తంలో ఇండియాకి వచ్చినవే రెండు మెడల్స్, ఇంకోటి ఆర్చరీలో అతుల్ వర్మ బ్రాంజ్. రెండింట్లో ఒకటి మన తెలుగు కుర్రాడిది. పీఈటీల మీటింగ్‌లో ఈ ముక్క అడిగితే చేతులు లేచింది చాలా తక్కువ. పీఈటీలకే తెలీనప్పుడు పిల్లలకి ఎవరు చెప్తారు.

అందుకే ఈసారి గెలిచాక కాదు, జరుగుతుండగానే పిల్లలకి అంటించాలి అనుకున్నా. గెలుస్తారో లేదో తెలీకుండా చూడడంలోనే అసలు మజా ఉంది, గెలిచాక చెప్తే అది జీకే బిట్టు అయిపోద్ది.

హెచ్ఎం మేడమ్ దగ్గరికి పోయి చెప్తే ముందు ఎగాదిగా చూశారు. "జనవరి నెల సార్, టెన్త్ వాళ్ళకి స్పెషల్ క్లాసులు నడుస్తున్నాయి, ఇప్పుడు మీరు క్రికెట్ అంటారేంటి" అన్నారు. ఆవిడ మాట కరెక్టే, రేపు టెన్త్ రిజల్ట్ తగ్గితే మెమో వచ్చేది ఆవిడకే. కాసేపు మాట్లాడుకుని కొన్ని షరతులకి ఒప్పుకున్నాం. టెన్త్ పిల్లల్ని వర్కింగ్ డేస్‌లో కదిలించకూడదు, ఏ పీరియడ్ పోకూడదు, లంచ్ బెల్‌కి ముందు టీవీ కానీ డిజిటల్ ప్యానెల్ కానీ ఆన్ చేయకూడదు, పిల్లల దగ్గర రూపాయి వసూలు చేయకూడదు. నేను సరే అన్నా. నిజానికి ఈ షరతులే మాకు మంచి చేశాయి, ఎట్లాగో తర్వాత చెప్తా.

మాకు కలిసొచ్చింది టైమింగ్. ఇండియా మ్యాచ్‌లన్నీ మన టైం ప్రకారం మధ్యాహ్నం 12కి మొదలు. కౌలాలంపూర్‌లో బయూమాస్ ఓవల్ అనే గ్రౌండ్. జనవరి 19 ఆదివారం వెస్టిండీస్‌తో, 21 మంగళవారం మలేసియాతో, 23 గురువారం శ్రీలంకతో, ఇవి గ్రూప్ మ్యాచ్‌లు. తర్వాత సూపర్ సిక్స్‌లో 26న బంగ్లాదేశ్, 28న స్కాట్లాండ్, 31న సెమీస్, ఫిబ్రవరి 2 ఆదివారం ఫైనల్. టీ20 కాబట్టి మొదటి ఇన్నింగ్స్ చివర్లో మాకు లంచ్ బెల్ కొడతారు. దీనికన్నా మంచి టైం టేబుల్ ఎవరూ వేసివ్వలేరు. అదే వెస్టిండీస్‌లోనో అమెరికాలోనో అయితే ఈ కేస్ స్టడీనే ఉండేది కాదు.

చేసింది పెద్ద విషయం కాదు. మధ్యాహ్న భోజనం లైన్ వంటగది పక్క గోడ వెంబడి ఉంటది, ఆ గోడకి పాత నల్లబల్ల ఒకటి ఆనించాం. దాని మీద స్కోరు రాసే పని ఎనిమిది, తొమ్మిది క్లాసుల ఆడపిల్లలకి ఇచ్చాం. స్టాఫ్ రూమ్‌లో ఖాళీగా ఉన్న టీచర్ ఎవరైనా ఫోన్లో హాట్‌స్టార్‌లో చూసి స్కోరు ఒక చీటీ మీద రాసిపెడతారు, లంచ్ బెల్ కొట్టగానే ఆ పిల్లలు చీటీ తీసుకుని బల్ల దగ్గరికి పరిగెత్తుతారు, అక్కడి నుంచి ఓవర్ ఓవర్‌కీ మార్చుకుంటూ పోతారు. ఇంకో జట్టుకి మ్యాప్ పని, ప్రపంచ పటంలో పదహారు దేశాలకీ బొట్టు బిళ్ళలు అంటించాలి. ఈ పని సోషల్ మేడమ్ తీసుకున్నారు, సమోవా ఎక్కడుందో నాకూ అప్పుడే తెలిసింది. మూడో జట్టు మర్నాడు పొద్దున ప్రేయర్‌లో నిన్నటి మ్యాచ్ గురించి నాలుగు వాక్యాలు చదవాలి, పేపర్లో వచ్చింది కాపీ కొట్టకూడదు, సొంతంగా రాయాలి. అంతే.

మొదటి మ్యాచ్ ఆదివారం, స్కూల్ లేదు, ఎవరూ చూడలేదు. సోమవారం ప్రేయర్‌లో మా పిల్ల "వెస్టిండీస్ 44 పరుగులకు ఆలౌట్, భారత్ తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచింది" అని చదివితే మగపిల్లల లైన్లోంచి కిసకిసలు. 44 ఏంటి సార్ మా గల్లీ మ్యాచ్‌లోనే ఎక్కువ కొడతాం అని. మంగళవారం మలేసియా 31కే ఆలౌట్ అయితే ఇంక వాళ్ళని ఆపలేకపోయాం. ఇండియా ఆ 31ని 2.5 ఓవర్లలో కొట్టేసింది, మా పిల్లలు ప్లేట్లు కడుక్కునేలోపు మ్యాచ్ అయిపోయింది. వైష్ణవి శర్మ హ్యాట్రిక్ తీసి, ఐదు పరుగులిచ్చి ఐదు వికెట్లు పడగొట్టింది, అయినా సరే మగపిల్లలకి అది లెక్కలోకి రాలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది యూత్ టోర్నీలు అన్నిటికీ వర్తిస్తది. టీమ్‌ల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటది, కొన్ని దేశాల్లో ఆడపిల్లలు క్రికెట్ మొదలుపెట్టిందే మొన్న, చూసేవాళ్ళకి అది నాసిరకం ఆటలాగా కనపడుద్ది. దానికి లెక్చర్ ఇస్తే లాభం లేదు. మాకు ఆ పని నైజీరియా చేసిపెట్టింది. జనవరి 20న సారవాక్‌లో వాన వల్ల 13 ఓవర్లకి కుదించిన మ్యాచ్‌లో నైజీరియా అమ్మాయిలు న్యూజిలాండ్‌ని 2 పరుగుల తేడాతో ఓడించారు. మ్యాప్ జట్టులోని పిల్ల ప్రేయర్‌లో ఈ ముక్క చదివి, "నైజీరియాకి ఇదే మొదటి వరల్డ్ కప్" అని చేర్చింది. ఆ రోజు నుంచి మగపిల్లలు కూడా బల్ల దగ్గరకొచ్చి నైజీరియాది ఏమైంది అని అడగడం మొదలుపెట్టారు. ఇండియా గెలుపు కంటే నైజీరియా గెలుపే వాళ్ళని లోపలికి లాగింది, ఇది నేను అస్సలు ఊహించలేదు.

శ్రీలంక మ్యాచ్ నుంచి త్రిష పేరు బల్ల మీద పెద్దక్షరాల్లో పడటం మొదలైంది. ఆ రోజు ఇండియా 118 మాత్రమే కొట్టింది, అందులో ఆమెవే 49, ఒక్క పరుగుతో ఫిఫ్టీ పోయింది అని మా స్కోరర్ పిల్ల నిజంగానే బాధపడింది. శ్రీలంక 58కే ఆగిపోయింది. రిపబ్లిక్ డే రోజు జెండా వందనం అయ్యాక చాక్లెట్లు పంచి పిల్లల్ని పంపించేశాం, బంగ్లాదేశ్ మ్యాచ్ ఇళ్ళలోనే చూశారు, ఎవరెవరు చూశారో నాకు లెక్క లేదు. ఆ రోజు ఊళ్ళో మాటలన్నీ తిలక్ వర్మ గురించే. ముందు రోజు రాత్రి చెపాక్‌లో ఇంగ్లండ్ మీద 72 నాటౌట్ కొట్టి ఒంటి చేత్తో గెలిపించాడు, టీ కొట్టు దగ్గర ఎవడి నోట విన్నా అదే. నేను టీ తాగుతూ "తిలక్ కూడా 2020 అండర్-19 వరల్డ్ కప్ నుంచే వచ్చాడన్నా, ఇప్పుడు మన భద్రాచలం అమ్మాయి అదే వరల్డ్ కప్ ఆడుతోంది, ఇంకో గంటలో మ్యాచ్, ఛానెల్ పెట్టన్నా" అంటే కొట్టాయన రిమోట్ నొక్కీ నొక్కీ "మన ప్యాక్‌లో ఆ ఛానెల్ రాదు సార్" అన్నాడు. అవగాహన గురించి పేజీలు పేజీలు రాస్తాం గానీ సగం కథ ఈ కేబుల్ ప్యాక్ దగ్గరే ఆగిపోద్ది. ఆ రోజు మ్యాచ్ నా ఫోన్లోనే నడిచింది, బెంచీ మీద కూర్చున్న ముగ్గురు నలుగురు మెడలు సాచి చూశారు.

ఇక 28వ తారీఖు, స్కాట్లాండ్ మ్యాచ్. అసలు ఈ కేస్ మొత్తం ఆ ఒక్క మధ్యాహ్నం మీద నిలబడింది. ఇండియా మొదట బ్యాటింగ్. బెల్ కొట్టేసరికే త్రిష అరవై డెబ్బై దాటేసింది, ఇంకో ఓపెనర్ కమలిని కూడా బాగా ఆడుతోంది. పిల్లలు ప్లేట్లలో అన్నం పెట్టించుకుని బల్ల ముందే కింద కూర్చున్నారు, తినడం తక్కువ చూడడం ఎక్కువ. స్కోరు రాసే పిల్ల చేతికి సుద్ద ముక్క, ఇంకో పిల్ల చేతిలో తడిగుడ్డ, తుడిచి రాయడానికి. ఒక టీచర్ స్టాఫ్ రూమ్ కిటికీలోంచి "తొంభై ఆరు" అని కేకేస్తే, బల్ల దగ్గర పిల్ల 96 అని రాసి, చుట్టూ తిరిగి చూసి, కింద ఖాళీ స్థలంలో "ఇంకా 4" అని తనే రాసింది. మేం చెప్పలేదు. ఆ "ఇంకా 4" చూశాక గోల మొదలైంది, వంట చేసే అక్కలు కూడా గరిటెలు పట్టుకుని బయటికొచ్చారు. హండ్రెడ్ అయింది అని కిటికీలోంచి కేక వచ్చేసరికి ఒక్కసారిగా అరుపులు, ప్లేట్ల మీద స్పూన్లతో వాయించుడు. వారం ముందు 31 ఆలౌట్ అని ఎగతాళి చేసిన కుర్రాళ్ళే అందరికన్నా గట్టిగా అరిచారు. హెచ్ఎం మేడమ్ ఏదో గొడవ జరిగిందని కంగారుగా వచ్చి, విషయం తెలిసి, బల్ల వైపు చూసి, ఏం అనకుండా వెళ్ళిపోయారు. మాకది పర్మిషన్ కింద లెక్క.

త్రిష 59 బంతుల్లో 110 నాటౌట్. అండర్-19 విమెన్స్ వరల్డ్ కప్ చరిత్రలోనే మొదటి సెంచరీ. ఇండియా 208కి ఒకే ఒక్క వికెట్, తర్వాత బౌలింగ్‌లో త్రిషే ఆరు పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది, 150 పరుగుల తేడాతో గెలుపు. ఇవన్నీ మా ప్రేయర్ జట్టు మర్నాడు చదివింది. కానీ ఈ నంబర్లు పిల్లలకి గుర్తుండిపోవడానికి కారణం, తమ చేత్తో రాసుకోవడం. ఏడాది తర్వాత కూడా ఆ బల్ల మీద రాసిన పిల్లని అడిగితే 110, 59 అని టక్కున చెప్తది, ప్యానెల్ మీద హైలైట్స్ చూసిన క్లాసులో అడిగితే "చాలా కొట్టింది సార్" అంటారు. అందుకే హెచ్ఎం మేడమ్ లంచ్ బెల్‌కి ముందు ప్యానెల్ వద్దనడం మాకు మంచిదైంది అన్నా. తెర పెట్టి ఉంటే పిల్లలు ఊరికే చూసేవాళ్ళు. బల్ల పెట్టేసరికి తర్వాత ఓవర్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది, లెక్క కట్టాల్సి వచ్చింది. మ్యాథ్స్ సార్ కూడా రన్ రేట్ అక్కడే నేర్పేశారు, దశాంశాలు ఇంత ఇష్టంగా ఎప్పుడూ చేయలేదట.

31 శుక్రవారం సెమీస్‌లో ఇంగ్లండ్ 113 కొడితే మనవాళ్ళు ఒక్క వికెట్టే పోగొట్టుకుని ఛేజ్ చేశారు. ఫైనల్ ఆదివారం. ఊళ్ళో పెద్ద స్క్రీన్ పెడదాం అని మాజీ సర్పంచ్ గారు ఉత్సాహపడ్డారు, ప్రొజెక్టర్ దొరికింది, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ప్రొజెక్టర్ బొమ్మ ఏం కనపడుద్ది, చివరికి కమ్యూనిటీ హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టాం. మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలైపోయాయి, ఊళ్ళో సగం మంది అటు వెళ్ళిపోయారు. వచ్చింది పిల్లలు, వాళ్ళ వెనకాల కొందరు అమ్మలు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు. సౌతాఫ్రికా 82కి ఆలౌట్, త్రిషకి 15 పరుగులకి మూడు వికెట్లు, తర్వాత 33 బంతుల్లో 44 నాటౌట్, 11.2 ఓవర్లలో అయిపోయింది. ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ ఆమే, ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ కూడా ఆమే, మొత్తం 309 పరుగులు, ఏడు వికెట్లు. హాల్లో ఒక ముసలామె మనవరాలిని అడుగుతోంది, "ఈ పిల్ల మన భద్రాచలం పిల్లేనంటే, ఎవరోళ్ళ పిల్లనే?" అని. ఆ ప్రశ్న వస్తే నా దృష్టిలో పని అయినట్టే, చుట్టరికం కలుపుకోవడం మొదలైందంటే మనుషులు లోపలికి వచ్చేసినట్టే.

అదే రోజు సాయంత్రం వాంఖడేలో సీనియర్ టీమ్ మ్యాచ్‌లో అభిషేక్ శర్మ 54 బంతుల్లో 135 కొట్టాడు. రాత్రి ఎనిమిదింటికి ఊళ్ళో వాట్సాప్ స్టేటస్‌లన్నీ అభిషేక్. మధ్యాహ్నం వరల్డ్ కప్ గెలిచిన సంగతి ఆరు గంటలు కూడా నిలవలేదు. చెప్తే నిష్టూరంగా ఉంటది గానీ యూత్ టోర్నీల బతుకు ఇదే, ఎప్పుడూ పెద్దాళ్ళ మ్యాచ్ నీడలోనే ఉంటాయి, ఆ నీడ లేని టైం వెతికి పట్టుకోవాలి. మాకు దొరికిన ఆ టైం లంచ్ గంట.

తర్వాత ప్రభుత్వం త్రిషకి కోటి రూపాయలు ప్రకటించింది. ఇక్కడి నుంచి కథ మారింది. అప్పటిదాకా మ్యాచ్ చూడనివాళ్ళు కూడా కోటి గురించి మాట్లాడారు. స్కూలుకి వచ్చి అడిగిన తల్లిదండ్రుల మొదటి ప్రశ్న, "సారూ, మా పిల్లని క్రికెట్‌లో చేర్పిస్తే ఎంతవుద్ది?" అని. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఆ అమ్మాయి కోసం వాళ్ళ నాన్న కుటుంబాన్ని భద్రాచలం నుంచి హైదరాబాద్‌కి మార్చుకున్నాడు, ఏళ్ళ తరబడి పనంతా పక్కన పెట్టి కూతురి వెంట తిరిగాడు, మన దగ్గర లెదర్ బాల్ నెట్స్ లేవు, ఆడపిల్లలకి టీమ్ లేదు. అది విని కొంతమంది వెనక్కి తగ్గారు, తగ్గడంలో తప్పు లేదు. బహుమతి ప్రకటన వల్ల పేరు అయితే ఊరంతా తెలిసింది, అది ఒప్పుకోవాలి, కానీ కోటి విని వచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు, బల్ల మీద రాసినవాళ్ళు మాత్రం ఇప్పటికీ సాయంత్రం గ్రౌండ్‌కి వస్తున్నారు. క్రికెట్‌కే కాదు, ఎక్కువమంది ఖోఖోకి, కబడ్డీకి. ఆ ఏడాది ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల సెలక్షన్స్‌కి మా స్కూల్ నుంచి ఎప్పుడూ లేనంత మంది ఆడపిల్లలు వచ్చారు. ఇది మ్యాచ్‌ల వల్లేనా అంటే పూర్తిగా అని నేను అనను, ఆ ఏడాది కొత్తగా వచ్చిన సైన్స్ మేడమ్ ఆడపిల్లల్ని గ్రౌండ్‌కి పంపమని ఇళ్ళకి వెళ్ళి మరీ అడిగారు, దాని పాత్ర కూడా ఉంది.

పనిచేయనివి కూడా చెప్తా. ఫ్లెక్సీ వేయించాం, దాని ముందు ఫోటోలు దిగారు తప్ప ఎవరూ చదవలేదు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో మ్యాచ్ టైమింగ్స్ పెడితే గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద కొట్టుకుపోయాయి. ఒక దాతని అడిగితే డబ్బులిస్తా గానీ బల్ల మీద మా షాపు పేరు రాయాలి అన్నారు, వద్దులే అని దండం పెట్టాం. సుద్ద ముక్కలకి దాత ఎందుకు.

సరే, మాది లోకల్ పేరు ఉండబట్టి నడిచింది, అది లేకపోతే ఎట్లా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. మంచి ప్రశ్న. దానికి నాకు తెలిసినంతలో పెద్ద ఉదాహరణ 2017 ఫిఫా అండర్-17 వరల్డ్ కప్, ఇండియాలోనే జరిగింది. ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, గువాహటి, గోవా, నవీ ముంబై, ఆరు చోట్ల. ఇండియా మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడింది, అమెరికా మీద 0-3, కొలంబియా మీద 1-2, ఘనా మీద 0-4. కొలంబియా మీద జీక్సన్ సింగ్ కొట్టిన ఆ ఒక్క గోలే ఫిఫా వరల్డ్ కప్‌లో ఇండియాకి మొదటి గోల్. గ్రూప్‌లోనే ఇంటికొచ్చేసిన టీమ్, స్టార్లు లేరు, అయినా స్టేడియాలకి వచ్చినవాళ్ళు మొత్తం 13,47,133 మంది, 1985లో చైనాలో మొదలైనప్పటి రికార్డు దాటిపోయింది. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఫైనల్లో ఇంగ్లండ్, స్పెయిన్ ఆడుతుంటే 66 వేల మందికి పైగా కూర్చున్నారు, 5-2తో ఇంగ్లండ్ గెలిచింది. ఆ ఇంగ్లండ్ టీమ్‌లో, తర్వాత పెద్ద స్టార్ అయిన ఫిల్ ఫోడెన్ అనే కుర్రాణ్ణి కోల్‌కతా వాళ్ళు అప్పుడే లైవ్‌లో చూసేశారు.

అంత జనం ఎందుకు వచ్చారు? కోల్‌కతాకి, కొచ్చికి, గువాహటికి ఫుట్‌బాల్ పిచ్చి ముందే ఉంది, టికెట్లు చవక, స్కూల్ పిల్లల్ని తీసుకొచ్చారు. కానీ నాకు ముఖ్యంగా అనిపించేది వేరే. టోర్నీకి నెలల ముందే మిషన్ ఎలెవన్ మిలియన్ అని కోటీ పది లక్షల మంది పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించాలని పెట్టుకుని స్కూళ్ళకి బంతులు పంపారు. అంటే పిల్లాడి కాళ్ళ దగ్గరికి ముందు బంతి వచ్చింది, మ్యాచ్ తర్వాత వచ్చింది. మా సుద్ద ముక్క కూడా చిన్న సైజులో అదే పని చేసింది. టోర్నీ అయిపోయాక ఆ ఊపు ఎంత నిలబడిందంటే అది వేరే కథ, 2022లో అండర్-17 విమెన్స్ వరల్డ్ కప్ కూడా మన దేశంలోనే జరిగింది, ఇండియా భువనేశ్వర్‌లో ఆడి మొదటి మ్యాచ్‌లోనే అమెరికా చేతిలో 0-8, దాని గురించి మన వైపు ఎంతమంది మాట్లాడుకున్నారో మీకే తెలుసు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ రెండు టోర్నీల మ్యాచ్ ఒక్కటీ జరగలేదు.

అన్నిటికన్నా కష్టం యూత్ ఒలింపిక్స్. 2010లో సింగపూర్‌లో మొదలైంది, తర్వాత నాన్జింగ్, 2018లో బ్యూనస్ ఎయిర్స్. టీనేజీ పిల్లలకి మాత్రమే. కొన్ని ఈవెంట్లలో వేరే వేరే దేశాల పిల్లల్ని కలిపి టీమ్ చేస్తారు, షూటర్ మను భాకర్ బ్యూనస్ ఎయిర్స్‌లో సింగిల్స్‌లో గోల్డ్ కొట్టి, మిక్స్‌డ్‌లో తజికిస్తాన్ కుర్రాడితో కలిసి సిల్వర్ కొట్టింది. ఆ సిల్వర్ ఏ దేశం ఖాతాలో వేస్తావ్? గొప్ప ఆలోచనే, కానీ మనం ఆటని చూసేదే ఏ దేశానికి ఎన్ని అని, ఆ లెక్క లేకపోయేసరికి పేపర్లకి హెడ్డింగ్ దొరకదు. బ్యూనస్ ఎయిర్స్ వాళ్ళు దీన్ని వేరేగా పట్టుకున్నారు. ఓపెనింగ్ సెరిమనీ స్టేడియంలో కాకుండా ఊరి నడిబొడ్డున ఒబెలిస్క్ దగ్గర రోడ్డు మీద పెట్టారు, టికెట్ లేదు. పోటీలు పార్కుల్లో పెట్టారు, చేతికి ఫ్రీ బ్యాండ్ కట్టుకుని ఎవరైనా లోపలికి పోవచ్చు, ఆటలు చూడటమే కాదు అక్కడే ఆడి చూడొచ్చు కూడా. ఇండియాకి ఆ గేమ్స్‌లో మొత్తం 13 మెడల్స్ వచ్చాయి, వెయిట్ లిఫ్టింగ్‌లో మిజోరం కుర్రాడు జెరెమీ లాల్‌రిన్నుంగా కొట్టింది యూత్ ఒలింపిక్స్‌లో ఇండియాకి మొదటి గోల్డ్, అప్పటికి వాడికి 15 ఏళ్ళు.

ఇప్పుడు 2026 అక్టోబర్ 31 నుంచి నవంబర్ 13 దాకా సెనెగల్‌లో డాకర్ యూత్ ఒలింపిక్స్. ఆఫ్రికా గడ్డ మీద మొదటిసారి ఒలింపిక్ ఈవెంట్. మాకు ఈసారి మూడు ఇబ్బందులు. ఒకటి, సెనెగల్ మనకంటే ఐదున్నర గంటలు వెనక, అక్కడ పొద్దున పోటీలు మొదలయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం దాటిపోద్ది, లంచ్ గంటకి దొరికేది ఏమీ ఉండదు, సాయంత్రం స్టడీ అవర్‌కి మార్చుకోవాలి. రెండు, క్రికెట్ లేదు. మూడు, త్రిష లాంటి మన జిల్లా పేరు దొరుకుద్దని గ్యారంటీ లేదు. అందుకని పేరుతో కాకుండా ఆటతో మొదలుపెడుతున్నాం. మా దగ్గర ఎస్‌జీఎఫ్ స్థాయిలో నడిచే ఆటల్లో డాకర్‌లో కూడా ఉన్నవి చూసుకున్నాం, అథ్లెటిక్స్ ఉంది, పరుగు పందేలకి గ్రౌండ్ చాలు. మా పిల్లలు పరిగెత్తిన టైం, డాకర్‌లో అదే దూరానికి వచ్చిన టైం, రెండూ పక్కపక్కన రాయాలి అని ప్లాన్. తేడా చూసి బెదిరిపోతారేమో అని సైన్స్ మేడమ్ అంటున్నారు, పిల్లలు మాత్రం స్టాప్‌వాచ్ ఎవరి చేతిలో ఉండాలని అప్పుడే కొట్టుకుంటున్నారు. మీ స్కూళ్ళలో కూడా ఎవరైనా చేస్తానంటే చెప్పండి, ఒకే దూరం పెట్టుకుందాం, అప్పుడు స్కూల్‌కీ స్కూల్‌కీ మధ్య కూడా బల్ల మీద రాయొచ్చు.